పదమూడో నంబరు అచ్చు

కైరోలో, ఘూరియా సందులో
మా నాన్న కుచ్చుటోపీలకు ఆవిరి పట్టేవాడు.
తడిపిన ఉన్నిని ఇత్తడి అచ్చుకు తొడిగి
పైనుంచి ఇంకో ఇత్తడి మూత దించి
రెండు చేతుల పిడిని అటూ ఇటూ తిప్పితే
బుస్సుమని పొగ లేచేది.
అది తేలేసరికి లోపల ఎవరో ఒక పెద్దమనిషి తయారు.

పదమూడో నంబరు అచ్చు షఫీక్ నజ్మీ గారిది.
డెబ్భై ఒక్క సినిమాల్లో పాషా.
పాలరాతి మెట్లు దిగుతూ, కూతురి పెళ్లి కుదరదంటూ
ఎడమ కనుబొమ ఒక్కటి ఎత్తితే చాలు,
నేల టిక్కెట్టు వాళ్లు కూడా చొక్కా సర్దుకునేవారు.

అసలు పేరు జావెన్ తెర్జియాన్.
అదానా నుంచి ఓడలో దిగిన అనాథల్లో ఒకడు,
పోర్ట్ సయీద్‌లో దర్జీ దగ్గర కాజాలు కుట్టి పెరిగాడు.
అరబ్బీలో కొన్ని అక్షరాలు ఆయన గొంతుకు లొంగేవి కావు,
దర్శకులు మాటలు తగ్గించేశారు.
ఆ మౌనాన్నే జనం వంశమర్యాద అనుకున్నారు.

కాపురం షుబ్రాలో, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
టోపీని కాగితంలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ట్రాములో వచ్చేవాడు.
"పాషా గారూ, పోయిన నెల బాకీ నాలుగు పియాస్టర్లు" అంటే
కనుబొమ ఎత్తేవాడు.
నాన్న నవ్వి పద్దు కొట్టేసేవాడు.

నా పదకొండో ఏట ఒక పొద్దున
నాన్న చెయ్యి కాలి కట్టు కట్టుకుంటే
పిడి నేను తిప్పాను.
తీయడం ఆలస్యమైంది.
ఎర్ర ఉన్ని మీద నాణెమంత నల్లమచ్చ.
బయట షూటింగు కారు హారన్ మీద హారన్.
ఆయన మచ్చను చూశాడు. నన్ను చూశాడు.
మచ్చ వెనక్కి వచ్చేట్టు తలకు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు తీసింది కూతుర్ని వెళ్లగొట్టే సీను.
మాట విసిరి, వీపు తిప్పి, గది దాటాలి. రాసుకున్నది అదీ.
ఆయన వీపు తిప్పలేదు.
ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ
ఆ పిల్ల ముఖం మీంచి కళ్లు తీయకుండా
తలుపు వీపుకి తగిలేదాకా నడిచాడు.

పత్రికలు రాశాయి: ఓడిపోతున్న అహంకారమట,
తండ్రి గుండె కాళ్లలో కనబడిందట!
ఆ తర్వాత పదేళ్లు అడిగి మరీ వెనక్కి నడిపించారు.
ఒకసారి తివాచీ అంచు తట్టి పడ్డాడు కూడా.
మచ్చ సంగతి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు.

రాజు ఓడెక్కాడు.
బిరుదులు రద్దని రేడియో చెప్పింది.
టోపీలు బీరువాల మీదికెక్కాయి, అక్కణ్ణుంచి పిల్లల ఆటల్లోకి.
మా పొయ్యి రోజుకి రెండు గంటలు మండితే గొప్ప.
తెరకి మాత్రం పాషా ఇంకా కావలసి వచ్చాడు,
ఈసారి చేతిలో కొరడాతో.

ట్రాములో ఒక పల్లెటూరావిడ ఆయన ముఖాన ఉమ్మేసింది.
జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు.
"ఏం చేశాను తల్లీ?"
"పేదవాడి బర్రెను తోలుకుపోయావు."
కాసేపు ఆలోచించి, "తప్పే" అన్నాడు.
లేచి తన సీటు ఆవిడకిచ్చాడు.

అర్మేనియన్ల శ్మశానంలో ఆరుగురం.
పాదిరీ జావెన్ అన్న ప్రతిసారీ
ఎవరో పరాయివాణ్ణి పూడుస్తున్నట్టుంది నాకు.
మట్టి వేశాక అందరూ గేటు వైపు తిరిగారు.
నేను వెనక్కి నడవాలనుకున్నాను,
రెండడుగులు వేశాను కూడా.
ఎవరిదో సమాధిరాయి పిక్కకి తగిలింది.
తిరిగి అందరిలాగే నడిచాను.

ఇప్పుడు టోపీలు టూరిస్టులు కొంటారు,
ఫోటో తీసుకుని హోటల్లో మర్చిపోతారు.
మధ్యాహ్నాలు కొట్టు టీవీలో ఆ సినిమా వస్తుంటుంది.
"తాతా, ఈయనేంటి వెనక్కెళ్తున్నాడు?" అంటాడు మనవడు.
"ఉండరా," అంటాను పిడి మీంచి చెయ్యి తీయకుండా,
"చెప్తా. ముందు దీన్ని మాడకుండా దించనీ."