ఎనిమిదీ పదికి

ఎనిమిదీ పదికి గోడమీది స్పీకరు గరగరమంటుంది.
కుర్చీలు నేలను గీరుతూ వెనక్కి జరుగుతాయి.
ఇరవై ఏడు కుడిచేతులు లేస్తాయి,
గుండె ఎక్కడుందో తెలియక కొన్ని
భుజం మీదో పొట్ట మీదో ఆగుతాయి.
నాలుగో తరగతి. ఏం చెప్తాం.

అర్కాన్సాలో కోళ్ల ఫ్యాక్టరీ ఊరు మాది.
గాలి ఇటు తిరిగిన పొద్దున
జెండా గుడ్డకు కూడా తడి ఈకల వాసన.

కిటికీ పక్క రెండో బల్ల. హెరీనా లాంగ్రీన్ లేవదు.
పొగరుగా కాదు.
చేతులు ఒళ్లో పెట్టుకుని,
ఎవరింటికో వెళ్లి
పెద్దవాళ్ల మాటలు అయ్యేదాకా ఆగినట్టు
కూర్చుంటుంది.

ఈ ఏడు జిల్లా ఆఫీసు నుంచి కొత్త కాగితం వచ్చింది:
రోజూ చెప్పించాలి, లేవనివాళ్ల పేర్లు పంపాలి.
శిక్షేమీ ఉండదట, చట్టం ఒప్పుకోదట,
ఊరికే రాసుకోవడమట.
ఊరికే రాసుకున్న పేరు
ఊరికే ఉంటుందా ఎక్కడైనా?
మూడు వారాలుగా నా పెన్ను మూత ఊడటం లేదు.

ఒకరోజు బడి వదిలాక అడిగాను, మెల్లిగానే.
పటం దగ్గరికి వెళ్లింది.
పసిఫిక్ నీలం మీద గోటితో ఒక చుక్క చూపించింది,
ఇన్నేళ్లూ అచ్చులో పడ్డ మరకనుకున్నాను దాన్ని.
"మా బూబూ వాళ్లది," అంది. అమ్మమ్మను అలా పిలుస్తారు వాళ్లు.
"బాంబులు ఎలా పేలతాయో అక్కడ చూసుకున్నారు.
ఇప్పుడు ఆ కొబ్బరికాయలు తినకూడదు."
బస్సు హారన్ కొడితే సంచీ ఎత్తుకుని పరిగెత్తింది.
తను పుట్టింది మాత్రం ఇక్కడే,
హైవే పక్క ఆసుపత్రిలో.

ముప్పై ఒక్క ఏళ్లుగా చెప్పిస్తున్నాను,
ఏటా నూట డెబ్బై ఎనిమిది పొద్దులు. లెక్క మీరే కట్టుకోండి.
రోజూ వేసేది ఒట్టేనా, పళ్లు తోముకోవడమా?
మా లైల్ ఒక్కసారే వేశాడు,
బాప్టిస్టు చర్చిలో, టై బిగుసుకుని దగ్గుతూ.
మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.
పోయేదాకా, చలికాలం పొద్దున్నే
నా కారద్దం మీది మంచు గీకి పెట్టేవాడు.
మా అన్న వెర్నన్ మాత్రం
తాగనని రోజూ ఒట్టేసేవాడు,
సాయంత్రానికి తీసి గట్టున పెట్టేవాడు.

నిన్న స్పీకరు చచ్చింది.
నేనే మొదలుపెట్టాను. పిల్లలు నా వెనకాల.
సగం దాకా బాగానే నడిచింది,
ఆ తర్వాత మాట లేదు.
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని వేసిన కాలులా
నాలుక గాల్లో ఉండిపోయింది.
నేనాగితే వాళ్లూ ఆగారు.
ఇరవై ఏడు మందిలో ఒక్కరికీ
నా గొంతు లేకుండా ముందుకు దారి లేదు.
ట్యూబులైటు రొద ఎంత పెద్దదో
నిన్నే తెలిసింది నాకు.

కిటికీ పక్క నుంచి,
కూర్చున్నచోటి నుంచే, చేతులు ఒళ్లోనే ఉంచుకుని,
ఆ పిల్ల అందించింది:
"విడదీయరాని."
మా భాషలో అది నోరు తిరగని మాట.
నాలుగో తరగతి నోట ఏటా
'కనిపించని' అయిపోతుంది.
తను అక్షరం పొల్లుపోకుండా అంది,
అని, మళ్లీ కిటికీలోకి చూసింది.

మిగిలింది పూర్తిచేశాం.
ఆఫీసు కాగితంలో రెండే గడులు:
లేచింది, లేవలేదు.
మాట అందించిన వాళ్లను ఎక్కడ రాయాలో
కింద సూచనల్లో కూడా లేదు.
మడిచి సొరుగులో పెట్టాను,
లైల్ దగ్గుమందు సీసా పక్కన.

డెబ్బై రెండో పేజీ తీయండి, అన్నాను.
భిన్నాలు.
ఏడు రొట్టెలు ఇద్దరికి పంచితే
చివరిదాన్ని ఏం చేయాలని
వెనక బల్ల నుంచి ఎవరో అడుగుతున్నారు.