ముప్పావు మనిషి

బెర్లింజేరీ, నువ్వు లేవు.
నీ ముఖాన్ని కంప్యూటరే కుట్టింది,
ఒక చెవి కాస్త కిందికి జారింది కూడా.
అయినా పద్దెనిమిది సీజన్లుగా నా లెఫ్ట్ వింగ్ నువ్వే.
నా వంటింటి లెక్కలో అవి రెండు చలికాలాలు.
పదహారేళ్ళప్పుడు నీ వేగం ఇరవైకి పదిహేడు.
ఇవాళ చూస్తే తొమ్మిది,
అంకె పక్కన ఎర్ర బాణం, తల దించుకుని.

రాత్రి షిఫ్టు దిగి వచ్చాను.
జెనోవా రేవుని వాన ఇంకా వదల్లేదు.
లివర్ల వణుకు చేతుల్లోంచి పోయేదాకా నాకు నిద్ర రాదు.
ఒర్నెల్లా లేచేలోపు
నిన్నెక్కడ పెట్టాలో తేల్చాలి.

ఈ ఆటను ఏ దేశంవాడు చేశాడో గాని
పాత్రల పేర్లు చాలావరకు మా భాషవే.
రెజిస్తా అంటే దర్శకుడు.
తను పరుగెత్తకుండా పదిమందిని పరుగెత్తించేవాడు.
అంత ఓపిక నీకెప్పుడూ లేదు.
మెజ్జాలా అంటే సగం రెక్క.
నిండు రెక్కగా ఎగిరినవాణ్ణి
సగమై పొమ్మనడానికి నోరు రాలేదు.
త్రెక్వార్తిస్తా: ముప్పావు మనిషి.
ఇది బాగుందనుకున్నాను. ముప్పావంటే తక్కువేం కాదు,
మా నాన్న చేతికి వేళ్ళు ముప్పావే ఉండేవి,
మిగతావి వించి గొలుసు తినేసింది,
వాటితోనే నలుగుర్ని పెంచాడు.
కానీ ఆ చోట పందొమ్మిదేళ్ళ ఒరెంగో ఉన్నాడు.
వాడికి ప్రతి అంకె పక్కనా పచ్చ బాణమే.

నిన్ను ఆఫీసుకి పిలిచాను.
ఆట నా ముందు నాలుగు వాక్యాలు పరిచి
స్వరం కూడా ఎంచుకోమంది.
మూడోది నొక్కాను, నెమ్మది స్వరంలో:
"నీ అనుభవం మాకు చాలా అవసరం. కాకపోతే వేరే పాత్రలో."

వేలు మౌస్ మీదే ఆగిపోయింది.
మంగళవారం లవీనియా త్రవేర్సో
పొల్లుపోకుండా నాతో అన్నది ఇదే.
స్వరం కూడా ఇదే.
జూన్ నుంచి క్రేన్‌లో మనుషులుండరట,
గోదాం వెనక గదిలో కూర్చుని
తెరలు చూస్తూ మీటలు తిప్పాలట.
కుర్చీలు మంచివట, నడుముకి.
నేనేమన్నాను? నువ్వన్నదే.
"అర్థమైంది, బాస్."
నీ పేరు పక్కన మాత్రం ఒక బుంగమూతి బొమ్మ వెలిగింది.
నాకా సౌకర్యం లేదు.

నలభై మీటర్ల ఎత్తు, కాళ్ళ కింద అద్దం.
ముప్పై ఒక్క ఏళ్ళు అక్కణ్ణుంచే చూశాను
ఏ లారీ ఎటు తిరగబోతుందో,
హెల్మెట్ తీసేసి ఎవడు సిగరెట్టుకి జారుకుంటాడో,
గాలి నీళ్ళని ముందు ఏ మూల ముడతలు పెడుతుందో.
అందరికీ వెనక. అందరికీ పైన.
దానికి బంతాటలో ఒక పాత పేరుంది,
లిబెరో. ఏ కట్టూ లేనివాడు.
ఇప్పుడెవరూ ఆడించరు.
జాబితా అట్టడుగున ఇంకా ఉంది.

నిన్ను పట్టుకుని లాగాను
రెక్క నుంచి కిందికి, ఇంకా కిందికి,
డిఫెండర్లందరికీ వెనక్కి.
నీ చుట్టూ వలయం ఎర్రబడింది.
అసిస్టెంట్ కోచ్ సందేశం పంపాడు:
ఈ ఆటగాడికి ఈ స్థానం బొత్తిగా సరిపడదు.
తెలుసురా నాయనా.
"కొనసాగించు" నొక్కాను.

మూడు ఒకటి. ఓడిపోయాం.
రెండు గోల్స్ నీ తప్పే,
మూడోది నీ వీపుకి తగిలి లోపలికెళ్ళింది.
కానీ అరవై రెండో నిమిషంలో
నీ కాలినుంచి ఒక బంతి లేచింది,
ఈ చివరినుంచి ఆ చివరికి,
ఒరెంగో ఉన్నచోటికి కాదు, వాడు రాబోయే చోటికి.
తెర మీద గుండ్రటి చుక్కలే కదా.
అయినా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పాత ఫైలు తెరిస్తే మ్యాచ్ మళ్ళీ ఆడొచ్చు.
అందరూ చేసేదే.
ఒర్నెల్లా వచ్చింది. పొయ్యి మీద మాడిన కాఫీని చూసి,
నన్ను చూసి, "గెలిచావా?" అంది.
బెర్లింజేరీ ఎక్కడ ఆడాడో చెప్పాను.
"పాపం, వయసైపోయింది కదా వాడికి" అంది
గిన్నె తోముతూ.

సేవ్ చేశాను.