పదింటికల్లా

రాత్రంతా ఒకటే వాన.
ఐదున్నరకి దోర్నాల నుంచి ఫోను.
ఘాటు రోడ్డుకి అవతల, వాగు మలుపులో ముగ్గురు.
ఒకడు మనవాడే.
మనవాడంటే, మన మండలం వాడని.

డెస్కు అడిగింది ఒకటే:
రియాక్షన్లు పంపు, పదింటికల్లా.

పేరు యల్లమంద.
పోలీసు కాయితాల్లో ఇంకేదో పేరు,
ఆ పేరు మీద ఐదు లక్షలు.
మార్కాపురం బజార్లో బురదలోనే బండి తీశాను.

పెద్దాయన పళ్ళు తోముకుంటున్నాడు.
"చట్టం తన పని తాను చేసింది, రాసుకో" అన్నాడు నురగతోనే.
పుక్కిలించి,
"అవతలోడు ఏమన్నాడు?"
ఇంకా కలవలేదన్నాను.
"వీడిది ఏ ఊరు?"
చెప్పాను.
వేళ్ళు ముడిచి లెక్కేసుకున్నాడు. రెండు బూతులు, పన్నెండొందల చిల్లర.
"ఆగాగు, కొట్టెయ్. ప్రతి ప్రాణమూ విలువైందేనని పెట్టు.
చట్టం సంగతి కింద ఎక్కడన్నా."

అవతలాయన కారెక్కుతూ ఖండించాడు.
దేన్నో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
పోయినేడు మందుపాతర పేలిన పొద్దున కూడా
ఇదే తలుపు పట్టుకుని
ఇంతే గట్టిగా ఖండించాడు.

హక్కుల సంఘం లాయరు వాట్సాప్‌లో రెండు పేజీలు పంపాడు.
అందులో యల్లమంద ఇంటిపేరు తప్పు.

పలకల ఫ్యాక్టరీలు మూతబడ్డ వీధిలో
కాశింపీరా ఒక్కడే ఇంకా రాయి చీలుస్తున్నాడు.
చెప్పంగానే ఉలి ఆపాడు.
"నా కాడ మూడేళ్ళు చేశాడు. నిదానం చెయ్యి.
ఒక్క పలక అంచు విరగనిచ్చేవాడు కాదు."
అంతే. మళ్ళీ ఉలి అందుకున్నాడు.
దీన్ని ఏ పార్టీ కింద వెయ్యాలో నాకు తెలీలేదు.

చివరికి మేరీ సులోచన దగ్గర ఆగాను.
ఆ మందుపాతరలో పోయిన కానిస్టేబులు భార్య.
తాలూకాఫీసు ఎదురు కొట్లో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది.
"ఎన్నింటప్పుడంట?"
నాలుగు దాటాక, అన్నాను.
సూది పళ్ళ మధ్య పెట్టుకుని
కాసేపు చూసింది. నన్ను కాదు.
"రాత్రంతా తడిసుంటాడు" అంది.
అనేసి ఉలిక్కిపడి,
"ఆ మాట రాయబాకయ్యా.
నా పింఛను కాయితాలు ఇంకా ఎస్పీ ఆఫీసులోనే ఉండాయి."

పదింటికి రెండు పంపాను, ఫొటోలతో సహా.
ఇంకేం లేవా అన్నారు.
సిగ్నలు సరిగ్గా లేదన్నాను.