నాలుగో నట్టు

పాలమూరు న్యూటౌన్ల టైర్ల షాపు పిలగాడు
మూడు తొవ్వలు చెప్పిండు.
గాలి పోయినా ఉరికే టైరొకటి,
ఎనభై కిలోమీటర్లు, అంతకు మించి అడగొద్దన్నడు.
ధర మాత్రం సావు కబురు లెక్క
గొంతు తగ్గించి చెప్పిండు.
రెండోది కిట్టు: సీసాల తెల్లటి జిగురు, చిన్న పంపు.
"చేతులకు మసి సుత అంటదు మేడం."
మూడోది స్టెప్నీ. దాని గురించి ఏం చెప్పలే,
గడ్డంతోని మూలకు చూపిండు.

కిట్టు సంగతి నాకెరుకే.
పోయినేడు వానలు వెనక్కి పట్టినంక
వటవర్లపల్లి ఇవతల రాయి కోసింది, టైరు చెంప మీద.
గాలికుంటు టీకాలేసి వస్తున్న బండికి
గాలికుంటే వచ్చింది.
టార్చి పండ్లతో పట్టుకొని బుక్కు చదివిన,
జిగురు పోసిన.
పోసిందంతా కోతల నుంచి బయటికే,
రోగమొచ్చిన ఎద్దు నోటి సొంగ లెక్క.
మొల దిగితే అతుకుతదట, చెంప తెగితే అతకదట.
ఆ ముక్క ఆఖరి పేజీల ఉంది.

తొమ్మిదికి మన్ననూరు గేటు పడ్డది.
పెంట దిక్కు నుంచి నడుసుకుంట బయ్యన్న వచ్చిండు,
పొద్దున ఆయన కోడెకే సూదేసిన.
టైరును కాలితో తన్ని చూసిండు.
"దీంట్ల ఏముంటది?"
గాలి, అన్నా.
"గాలేనా?"
చుట్టూ చూసిండు.
ఇప్పచెట్ల మీద నుంచి దబదబ కొడుతున్నది అది,
ఎవలూ పంపు పట్టకుండనే.
నాకు సిగ్గేసింది, ఎందుకో.
తెల్లారేదాక మంట ఆరనియ్యలే ఆయన.
ఒక్కపారి మాత్రం నోరు తెరిచిండు:
"ఒర్లేది కొండగొర్రె. నిన్ను జూసి గాదు."

ఈ లెక్కన ఉరికే టైరే కొనాలె.
ఎనభైల ఇల్లు చేరి ఇంకా మిగులుతది.
కాని నాలుగింటికి రెండు నెలల జీతం.
నా బండి సైజు హైదరాబాదుల సుత దొరకదేమో అని
ఇంత ముచ్చటైనంక చెప్పిండు పిలగాడు.

స్టెప్నీకి డిక్కీల గుంత కావాలె.
గుంతల ఐసుపెట్టె ఉన్నది,
రెండు నుంచి ఎనిమిది డిగ్రీల నడుమ నాలుగు వందల డోసులు.
చక్రమా, టీకానా?
కాలేజిల ఏ పరీక్షకూ రాలే ఈ ప్రశ్న.
ఐసుపెట్టెను ముందు సీట్ల కూసోపెట్టి
బెల్టు పెట్టిన.
మలుపుల కాడ ఎడమచెయ్యి దానంతట అదే
దాని మీదికి పోతున్నది.

ఇయ్యాల ఆదివారం.
అచ్చంపేట క్వార్టర్ల ముంగట నేర్చుకుంటున్న.
ముందు నట్లు, తర్వాత జాకీ.
తిప్పి చేస్తే చక్రం గిర్రున తిరిగి
మోచిప్ప గీసుకపోయింది.
అటెండర్ మణెమ్మ మెట్ల మీద పల్లికాయ ఒలుస్తున్నది,
నా దిక్కు చూడనట్టే.
మూడు నట్లు వదిలినయి.
నాలుగోది మిషన్ బిగించిందట, మనిషి కాదు.
స్పానర్ మీద ఎక్కి నిలబడ్డ.
యాభై ఆరు కిలోలు.
కదల్లే.
ఇంకొంచెం ఎగిరిన. కదల్లే.
పొట్టు దులుపుకొని లేచింది మణెమ్మ,
చెప్పులు విడిచింది.
"జరంత జరుగు డాక్టరమ్మా,
నేనొక కాలు పెడ్త."