ఏ మంచు?

ప్యాకెట్టు వెనక రాసుంది:
ఆఖరి గడ్డమంచు పడే రోజు నుంచి
వెనక్కి ఆరు వారాలు లెక్కపెట్టండి.
విత్తనాల కొట్టు కుర్రాడు చదివి వినిపించి, తలెత్తి
"మనకేటి గడ్డమంచు, పోలినాయుడు మామా?" అన్నాడు.

నిజమే.
గజపతినగరంలో మంచంతటికీ ఒకటే మాట.
తెల్లారగట్ల చంపావతి మీద నిలబడేదీ మంచే,
పెంకుల అంచునుంచి బొట్టుబొట్టుగా జారేదీ మంచే,
గేదె వీపు మీది తడీ మంచే.
ఆకును కాల్చే మంచు ఎలాగుంటాదో
ఈ చేతులకి తెలీదు.

మొదటేడు ధనుర్మాసం చూసి నాటాను.
చలి బాగుంది గదా అనుకున్నాను.
మాఘం దాటేసరికి మొగ్గలన్నీ విచ్చుకుని
మడంతా పసుప్పచ్చ, తేనెటీగలకి పండగ.
"బ్రకోలీ అన్నావు, ఆవాలేసినావేటి?"
అంది గట్టు మీంచి పారమ్మ.

రెండో ఏడు బేగిపడ్డాను.
హస్తలో నారు, స్వాతిలో నాటు.
వాయుగుండం ఒక్క రాత్రి ఉండి పోయింది.
పొద్దున్నే వెతికితే
కంచెకి ఒక మొక్క దొరికింది,
వేరు పైకీ ఆకు కిందికీ.

మూడో ఏడు లెక్క అటు చివర పట్టుకున్నాను.
మాకు వచ్చేది మంచు కాదు, ఎండ.
శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు,
అదే నా ఆఖరి తేదీ.
దానికి ఇరవై రోజుల ముందే పువ్వు కొయ్యాలి.
నేలలో డెబ్బై. ట్రేలో ఇరవయ్యెనిమిది.
గోడ కేలండరు మీద వేలు వెనక్కి నడిచి నడిచి
మళ్ళీ స్వాతి కార్తెలోనే ఆగింది,
సరిగ్గా తుఫాన్లు తిరిగే దారిలో.

అంచేత నారు పొలంలో పొయ్యలేదు.
పగలు అరుగు మీద, రాత్రి నులకమంచం మీద ట్రేలు.
కింద చాప మీద మేం.
"మంచు కావాలని రాస్తే మంచం ఇచ్చావు" అని
సన్నెమ్మ రెండ్రోజులు మాటాడలేదు.
మూడో రాత్రి గాలి లేచినప్పుడు
తనే లేచి
కప్పుకున్న దుప్పటి తీసి కిటికీకి కట్టింది.

ఇప్పుడు ఉత్తరాషాఢ.
ఆకుల నడుమ చొక్కా గుండీ అంత ముద్ద,
పచ్చగా, బిగుసుకుని.
విజయనగరం రైతుబజార్లో ఎవరో అడుగుతారు, తెలుసు:
"ఈ గోబీపువ్వుకి పాచి పట్టిందేటి?"
అడగనీ.

కొట్టు కుర్రాడు ఫోన్లో చూసి చెప్పాడు,
శివరాత్రికింకా ముప్పయ్యారు రోజులు.
చీకటుండగానే వెళ్ళి
ఒక ఆకు మీద అరచెయ్యి ఆనించి చూస్తాను.
చల్లగానే ఉంది.
ఇవాళ్టికి.