పన్నెండు పాయింట్ రెండు

రాజాం వెల్డింగ్ షాపులో
పాత ట్రాక్టర్ తొట్టికి రేకు కప్పించి,
రెండు కిటికీలు కోయించి,
ఇదే మన బండిల్లు అన్నాడు తవిటయ్య.
లోపల ఒక మంచం, ఒక పొయ్యి,
మంచం కింద గోనెపట్టా మీద
రెండు బ్యాటరీలు, బాలింతల్లా.

ముప్పై రెండేళ్లు లైన్‌మేన్.
గార నుంచి కవిటి దాకా
ఏ స్తంభం ఎటు వాలిందో
నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.
రిటైరైన మర్నాడే
తీగల్లేని చోటికి పోదామన్నాడు.
ఈ వయసులో సంచారమేటే అని
మా చెల్లెలు నవ్వింది.
నేను పప్పుల డబ్బాలు సర్దుకున్నాను.

మందస దాటి, మహేంద్రతనయ ఒడ్డున
జీడితోటల వెనక
చక్రాలకు రాళ్లు పెట్టాం.
మొదటి రాత్రే నాకు లెక్క నేర్పాడు:
"ఇది నుయ్యి కాదే, కుండ.
నిండుగా ఉంటే పన్నెండు పాయింట్ ఏడు.
రెండుకొచ్చిందంటే సగం.
సగం కిందకి తోడితే కుండే పాడైపోద్ది."

అంగన్‌వాడీలో పిల్లల బరువులు రాసిన చేత్తో
వోల్టులు రాయడం మొదలెట్టాను.
పొద్దున్న, మిట్టమధ్యాహ్నం, పడుకోబోయే ముందు.
ఫ్యాను రెండు ఆంపియర్లు.
నా ఇన్సులిన్ ఉన్న చిన్న ఫ్రిజ్ నాలుగు.
నా మందు ఇంత తింటుందని
ఇన్నాళ్లూ నాకు తెలీదు.
ఇంట్లో స్విచ్చి వేయడమంటే ఆలోచనే ఉండేది కాదు,
ఇక్కడ వేసిన ప్రతిసారీ
పక్కింట్లో చేబదులు అడిగినట్టుంది.

మూడోనాడు కొండ మీదికి మబ్బెక్కింది.
అతను నిచ్చెనెక్కి ప్యానెల్‌ని తూర్పుకి వంచి,
పడమరకి వంచి,
పంచె చెంగుతో తుడిచి,
చివరికి దాన్నే తిట్టాడు.
సాయంత్రానికి పన్నెండు పాయింట్ రెండు.
ఫ్యాను కట్టేశాం.
దోమలకి వెంటనే తెలిసిపోయింది.

అప్పుడొచ్చింది సవర సుక్కమ్మ,
పాలిథిన్ కవర్లో చుట్టిన బటన్ల ఫోనుతో.
కూతురు పలాస ఆసుపత్రిలో ఉంది, నొప్పులు.
గూడెంలో నిన్నట్నుంచి కరెంటు లేదు,
గాలికి స్తంభం పడిపోయింది.

"ఏ స్తంభం?" అన్నాడు తవిటయ్య,
నొప్పుల సంగతి అడక్కుండా.
వాగు మలుపులోది అంది.
అతను కాసేపు మాట్లాడలేదు.
"అది నానే పాతినాను," అన్నాడు తర్వాత.
"ఆ రోజు సిమెంటు సాల్లేదు.
రాళ్లు కూరేసి ఎల్లిపోనాం."

ఫోను పెట్టాడు.
ఆమె వెనకే ఇద్దరొచ్చారు, తర్వాత నలుగురు,
చీకటి పడేసరికి పద్నాలుగు ఫోన్లు, మూడు టార్చిలైట్లు
మా మంచం మీద.
మీటరు వైపు చూశాను. అతను చూడలేదు.
వంగి ఫ్రిజ్ తీగ పీకేశాడు.
నా మందు సీసాకి తడిగుడ్డ చుట్టి
మట్టిముంతలో పెట్టి
ఏటి ఇసకలో దించి వచ్చాడు.
ఏమైనా అంటావా అన్నట్టు నిలబడ్డాడు.
అన్నాను: "మూత పెట్టేవా?"

బల్బు కూడా ఆర్పేశాం.
జీడాకుల మీద పడే చినుకు ఒక్కోటీ వినిపించేంత చీకటి.
"ముప్పై రెండేళ్లు," అన్నాడు,
"నానెల్లిన సోటల్లా
దీన్ని తరిమేడానికే ఎల్లినాను.
కూకుని సూడ్డం ఇదే."

రాత్రి ఏ జామునో ఫోను మోగింది.
సుక్కమ్మ సవర మాటల్లో ఏదో అంది,
మళ్లీ అంది, గట్టిగా,
అరచేత్తో మా బండి రేకు మీద
దబదబా కొట్టింది.
ఏడుపో నవ్వో మాకు అర్థమయ్యేలోపు
గట్టు దిగి పరిగెత్తింది
ఫోను కవరు ఇక్కడే వదిలేసి.

తెల్లారి లేచేసరికి పక్కన తవిటయ్య లేడు.
గునపమూ లేదు.
వాగు మలుపు వైపు నుంచి
ఇనుము రాతికి తగిలే చప్పుడు.

మబ్బు ఇంకా విడలేదు.
పదకొండు పాయింట్ తొమ్మిది అని రాశాను.
నోటుబుక్కులో కారణానికి గడి లేదు.
స్కేలు వెతికి
ఒక గీత గీసుకున్నాను,
ఏం రాయాలో తోచక
ముందు తేదీ వేశాను.