ఇరవై రెండు బారల తాడు

ముత్లక్ మామకు చదువు రాదు.
నేలను మాత్రం చదివేవాడు.
తెల్లారగట్ల బోర్లా పడుకుని
మట్టికి చెవి ఆనించి
"ఇక్కడ తవ్వండి" అనేవాడు.

హర్రాన్ మైదానంలో వేసవంటే
గొర్రె నీడ గొర్రె కిందికే దూరే కాలం.
అప్పట్లో నీళ్ళు ఇరవై రెండు బారల లోతు.
మేక వెంట్రుకలతో ఆయనే పేనుకున్న తాడుకు
బారకొక ముడి.
ముళ్ళు లెక్కపెట్టుకుంటూ దిగేవాడు.
పైకొచ్చిన మూడు రోజుల దాకా
ఆయన మాటల్లో తేమ ఉండేది.

కాలువ వచ్చిన రోజు నాకు తొమ్మిదేళ్ళు.
ఎక్కడో ఉత్తరాన యూఫ్రటీసుకు గోడ కట్టారని,
కొండకు కన్నం వేసి నీళ్ళు తెస్తున్నారని
రేడియో ఏడాదిగా చెబుతూనే ఉంది.
ఎవరూ నమ్మలేదు.
ముందు నురగ వచ్చింది,
నురగ మీద ఎవరిదో ప్లాస్టిక్ చెప్పు,
ఆ తర్వాత నీళ్ళు.
పొట్టేలును కోశారు. ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ కేకలు పెట్టారు.
మామ వంగి దోసిట్లోకి తీసుకుని
వాసన చూసి
"దీనికి లోతు లేదు" అన్నాడు.
నవ్వాం.
బావులు తవ్వేవాడికి కాలువ నచ్చుతుందా?

అబద్ధమెందుకు, ఆ పదేళ్ళు కడుపునిండా తిన్నాం.
బార్లీ, మసూరు తప్ప ఎరగని చేలో
పత్తి తెల్లగా పగిలింది.
ఒక పంటకు ఫ్రిజ్, ఇంకో పంటకు ట్రాక్టరు,
మూడో పంటకు మా అన్న పెళ్ళి.
రాత్రి తూము ఎత్తి నిద్రపోయేవాళ్ళం,
ఎన్ని నీళ్ళు పెడితే అంత పంట అనుకుని.
తరాల తరబడి దాహం ఎరిగినవాళ్ళకు
చాలు అనే మాట ఎవరు నేర్పుతారు?

వదిన జెలిహా మాత్రం
కాలువ నీళ్ళతో చాయ్ కాచేది కాదు.
ఆమె పుట్టిన ఊరు ఆ గోడ వెనక, నీటి అడుగున.
పిస్తా తోట, రొట్టెల పొయ్యి,
తలుపు మీద తమ్ముళ్ళ ఎత్తు కొలిచిన గీతలు.
"మీ చేలో పారేది
మా ఇంటి కప్పు మీద నుంచే వస్తోంది"
అంది ఒకసారి, పిండి కలుపుతూ, మామూలుగా.
ఎవరూ జవాబివ్వలేదు.
ఉప్పు అందించమంది. అందించాం.

మొదట చేను చివర, పల్లంలో
అరచేతంత తెలుపు.
రాలిన పత్తి అనుకుని చెల్లెలు ఏరబోయింది.
వేళ్ళకు అంటింది. నాకి చూసి ఉమ్మేసింది.
చౌడు.
మరుసటేడు చాపంత.
ఆ పైయేడు కళ్ళమంత.
ఇంజనీరు షెవ్‌కెత్ బే గొట్టం దించి చూశాడు.
కింది నీళ్ళు పైకి లేస్తున్నాయన్నాడు,
మురుగు కాలువలు తవ్వాలన్నాడు,
అందుకు ఫైలు కదలాలన్నాడు,
మజ్జిగ తాగి వెళ్ళాడు. మంచివాడే.
ఉప్పు తిన్నవాళ్ళకు విశ్వాసం ఉంటుందంటారు.
ఉప్పు తిన్న నేలకు
ఆ సామెత ఎవరూ చెప్పినట్టు లేదు.

మామ చలికాలం చివర్న పోయాడు.
ఖబరస్తాన్‌లో నలుగురం పారలు పట్టాం.
మోకాలి లోతుకే మట్టి నల్లబడింది,
నడుము లోతుకు ఊట.
తోడాం. మళ్ళీ ఊరింది. మళ్ళీ తోడాం.
ఇమాం ఆకాశం వైపు చూస్తున్నాడు.
మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేదు.
ఇరవై రెండు బారలు దిగి దేన్ని వెతికాడో
అది తానే ఎదురొచ్చింది,
ఉప్పగా.

చివరికి పాత దిబ్బ మీదికి మోశాం.
ఎప్పటివాళ్ళ ఊరో, కూలి కూలి పేరుకున్న మన్ను.
పారకు పెంకులు తగిలాయి.
పొడిగా ఉంది.
పొడిమట్టిని చూసి అంత సంబరపడటం
మా వంశంలో అదే మొదలు.

తాడు ఇప్పుడు మా గోడకు.
జెలిహా దాని మీద మిరపకాయలు ఎండేస్తుంది,
ముడికి ముడికి మధ్య ఒక గుత్తి.
కాలువ వంతు మాకు మంగళవారం రాత్రి.
ఎత్తకపోతే పత్తి చస్తుంది.
ఎత్తితే చేను.
నిన్న తూము చక్రం పట్టుకుని చాలాసేపు నిలబడి,
చుట్టూ ఎవరూ లేరని చూసుకుని
బోర్లా పడుకున్నాను,
మట్టికి చెవి ఆనించాను.
ఏమీ వినపడలేదు.
చెవి తడిసింది.